ఉన్నట్టే ఉండమన్న మాట

మా మేనత్త ఎవరినీ ఏదీ చెయ్యమని చెప్పేది కాదు. అడిగేది. చెప్పుల దుకాణంలో పక్కనున్నావిడ ఇరుకు జోడు కొనబోతుంటే "బిగుతుగా ఉన్నాయి, తీసుకోకండి" అని ఊరుకోవచ్చు కదా? ఊహూ. "ఈ జోడులో మీకు నచ్చిందేమిటి?" అని మొదలుపెట్టేది. ఆవిడ రంగు అనేది. "అంటే రంగు బాగుంది, నడక సంగతి ఇంకా చూసుకోలేదు" అని ఆవిడ మాటనే ఆవిడకి తిరిగి అప్పజెప్పేది. ఆవిడ రెండడుగులు వేసి, జోడు అక్కడే వదిలేసి వెళ్ళిపోయేది. దుకాణదారు మా వైపు కొరకొరా చూసేవాడు. అత్తతో బజారుకి వెళ్ళడమంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఇంట్లో పిల్లలం ఆమెకి పెట్టిన పేరు ఎందుకత్త. పాలు తాగనని మారాం చేస్తే అమ్మ వీపు మీద ఒకటిచ్చేది. అత్త మాత్రం నేలమీద మా ఎదురుగా చతికిలబడి "ఎందుకు?" అనేది. దెబ్బే నయమనిపించేది. దెబ్బయితే ఒక్కసారితో పోతుంది, అత్త ప్రశ్నకి సమాధానం వెతుక్కోవాలి.

ఆమె విశ్వవిద్యాలయంలో ఆరోగ్య మనస్తత్వశాస్త్రం చెప్పేది. ఆ పేరు వినగానే చుట్టాలు మొహమొహాలు చూసుకునేవాళ్ళు. "చెడు చేస్తుందని తెలిసి కూడా మనిషి ఆ పని ఎందుకు చేస్తాడు, ఎలా మానతాడు, అదే నా చదువు" అని విడమరిచి చెప్పేది. సిగరెట్లు, తాగుడు, డాక్టరు రాసిన మాత్రలు సొరుగులో పడేసి ఊరుకోవడం, అన్నీ ఆమె పనిలోకే వచ్చేవి. సలహా ఇస్తే మనిషి మొండికేస్తాడనేది. కారణం ఎవరికి వాళ్ళకే లోపల ఉంటుంది, అది వాళ్ళ నోటితోనే బయటికి రావాలి, మన పని అడగడం, విన్నది తిరిగి చెప్పడం. విద్యార్థులకి ఇంకో మాట కూడా చెప్పేదట, "మానాలనే మనసు మనిషికి ఎప్పుడో ఒకరోజు పుడుతుంది, ఆ రోజున మీరు పక్కన ఉండాలి" అని. ఈ మాట నేనిప్పటికీ మరిచిపోలేదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మూడో అంతస్తులో, ఎప్పుడూ పనిచెయ్యని లిఫ్టు పక్కన ఆమె గది. అందులో రెండు కుర్చీలు. రెండూ ఒకే ఎత్తులో ఉండాలని పట్టుబట్టి, తన కుర్చీ కాళ్ళు వడ్రంగితో కోయించింది. ఎదుటివాడు తలెత్తి చూస్తూ నిజం చెప్పలేడట. కిటికీ పక్క బల్లమీద ఊపిరి యంత్రాలు చార్జింగులో ఉండేవి. అరచేతిలో ఇమిడేంత చిన్నవి. అట్ట గొట్టం తగిలించి ఊదితే, ఒంట్లో సిగరెట్ పొగ ఎంతుందో అంకె చూపిస్తాయి. సెలవుల్లో వెళ్తే నేనూ ఊదేదాన్ని. సున్నా వచ్చినందుకు గొప్పగా ఉండేది.

మా నాన్న ఆమెకి అన్నయ్య, వయసులో చాలా పెద్ద. తాత పోయేనాటికి అత్త ఇంకా గౌన్ల వయసులోనే ఉంది. నాన్న బస్సు డిపోలో మెకానిక్కుగా చేరాడు. పొద్దున్నే షిఫ్టుకి వెళ్తూ ఆమెని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడి దగ్గర దింపేవాడు. దారిపొడుగునా ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు. తప్పు చెబితే తిట్టడు, తల అడ్డంగా ఊపుతాడు, మళ్ళీ చెప్పాలి. జడ కూడా ఆయనే వేసేవాడట, కేబుల్ మెలిపెట్టినట్టు అంత గట్టిగా వేసేవాడని అత్త చెప్పేది. చెల్లెలు ఏం చదువుతోందో ఆయనకి పూర్తిగా అర్థమైందని నేననుకోను. డిపోలో మాత్రం ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. "మా చెల్లెలు సిగరెట్ మానిపిస్తుంది. మందూ లేదు, సూదీ లేదు. ఊరికే ప్రశ్నలడుగుతుంది, వాళ్ళే మానేస్తారు!" చెప్తూ చెప్తూ సిగరెట్ వెలిగించేవాడు. వినేవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు.

అవును, ఆయన కాల్చేవాడు. వంటింటి వెనక గుమ్మంలో, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు లోపల. అత్త వచ్చినప్పుడు కూడా అక్కడే నిలబడి కబుర్లు చెప్పేవాడు. ఊళ్ళో అందరినీ అడిగే మనిషి సొంత అన్నని ఒక్క ప్రశ్న అడిగేది కాదు. అమ్మ ఒకసారి నిలదీస్తే, "ఇంట్లోవాళ్ళ దగ్గర నా విద్య పనిచెయ్యదు వదినా, నేను అడిగితే అన్నయ్యకి నవ్వొస్తుంది" అని తేల్చేసింది.

తర్వాత ఆమెకి పెద్ద అధ్యయనం ఒకటి దక్కింది. ఆమె పేరు నిలబెట్టింది అదే. బస్సు డిపోల్లో పనిచేసేవాళ్ళ చేత సిగరెట్ మానిపించడం. ఊరిచుట్టూ ఉన్న డిపోలన్నిటి పేర్లూ చీటీలు వేసి తీశారు. మొదటి సగం డిపోల్లో అత్త మనుషులు వెళ్ళి ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడతారు. రెండో సగంలో మాటలేమీ ఉండవు, ఊపిరి కొలతలు మాత్రం తీసుకుంటారు. ఏడాది తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఈ రెండో సగం లేకపోతే, మొదటివాళ్ళు అత్త ప్రశ్నల వల్ల మానారో, మరే కారణంతోనో మానారో తేలదట. లెక్క తేలాక వీళ్ళకీ వంతు వస్తుంది. నాన్న డిపో రెండో సగంలో పడింది.

ఆ ఆదివారం నాకు బాగా గుర్తు. వంటింటి బల్ల దగ్గర అందరం టీ తాగుతున్నాం.

"ఏమే చిట్టీ, మా డిపోకి ఎప్పుడొస్తావ్?" అన్నాడు నాన్న. అత్త ప్రొఫెసరైనా ఆయనకి చిట్టే.

"మీది రెండో సగం అన్నయ్యా. వచ్చే ఏడాది."

"డిపో సంగతి సరేలే. నన్నడుగు. ఇక్కడే, ఇప్పుడే. వాళ్ళని ఏమడుగుతున్నావో అదే అడుగు. చూద్దాం, మానతానో లేదో."

"అడుగమ్మా, ఈ ఇంటికి పొగ వదులుతుంది" అంది అమ్మ.

అత్త మొహంలో నవ్వు లేదు. "వద్దన్నయ్యా. నీ నోట్లో నువ్వుగింజ నానదు. నీకు చెబితే మధ్యాహ్నానికి డిపో అంతా తెలుస్తుంది. అప్పుడు మీ డిపో పోల్చడానికి పనికిరాదు. పైగా సొంత అన్నకి చాటుగా చెప్పుకుందంటారు. ఎవరూ వేలెత్తి చూపకూడదు."

"మరి నన్నేం చెయ్యమంటావ్?"

అప్పుడు మా ఎందుకత్త, మనిషికి ఏం చెయ్యాలో చెప్పకూడదని తరగతుల్లో చెప్పే మనిషి, నాకు తెలిసి మొదటిసారి చెప్పింది. "ఏమీ చెయ్యకు. నా పని అయ్యేదాకా ఉన్నట్టే ఉండు."

"ఓస్, అంతేనా! అదెంత పని!" అని నాన్న వెనక గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఆమె ఉద్దేశం వేరు. నీకు నా వైపునుంచి ఏమీ రాదు, నీ మామూలు బతుకు నువ్వు బతుకు అని. నువ్వు మానకూడదు అని ఆమె కలలో కూడా అనుకోలేదు. కానీ మా నాన్న మాటిచ్చాడంటే ఇచ్చినట్టే. చెల్లెలు నోరు తెరిచి ఆయన్ని అడిగిన సాయం అదొక్కటే. దాన్ని ఆయన నెత్తిన పెట్టుకున్నాడు.

కొలతలు తీసుకునే రోజు పొద్దున ఆయన ఒకటి కాల్చి, దాని నిప్పుతోనే ఇంకొకటి వెలిగించడం చూశాను. "పరగడుపునే రెండేంటి నాన్నా?" అన్నాను. "ఇవాళ ఊదాలి కదమ్మా. చిట్టికి అంకె గట్టిగా రావాలి" అన్నాడు, ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ. నేను పడీపడీ నవ్వాను. స్నేహితురాళ్ళకి కూడా చెప్పి నవ్వించాను.

ఏడాది గడిచింది. అత్త ఫలితం అదిరిపోయింది. మొదటి సగం డిపోల్లో చాలామంది మానేశారు. రెండో సగంలో దాదాపు ఎవరూ మానలేదు. ఎక్కడైనా సరే, ఎవరూ ఏమీ చెప్పకపోయినా నలుగురు తమంతట తామే మానుతుంటారు. ఇక్కడ ఆ నలుగురూ లేరు. ఒక ముసలి ప్రొఫెసరు సభలో లేచి, "అమ్మా, మీ రెండో సగం మరీ బిగదీసుకుని కూర్చుందే" అన్నాడట. షిఫ్టులు, ఒంటి నొప్పులు, పని ఒత్తిడి అని అత్త కారణాలు చెప్పిందట. అందరూ తలలూపారు. దాని మీద ఆమె రాసిన పేపర్ పెద్ద సైన్సు పత్రికలో వచ్చింది. ఆమె పద్ధతి ఎక్కడెక్కడో పాఠాల్లోకి ఎక్కింది. అత్త విమానాలెక్కింది. కాలు ఒకచోట నిలిచేది కాదు.

మరి నాన్న డిపో వంతు? వచ్చీ రానట్టు వచ్చింది. నిధులు ఇచ్చేవాళ్ళకి ఫలితం వచ్చేసింది కనక మిగతా సగం మీద ఆసక్తి పోయింది. ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడడం కాస్తా క్యాంటీనులో ఒక గంట ఉపన్యాసమైంది, గోడకి నాలుగు పోస్టర్లయ్యాయి. ఆ రోజు నాన్న తల దువ్వుకుని, ముందు వరసలో కూర్చున్నాడట. అత్త వస్తుందనుకున్నాడు. ఆమె ఏదో సదస్సులో ఉంది. ఆమె విద్యార్థిని వచ్చింది. ఇంటికొచ్చాక ఎలా జరిగిందని అమ్మ అడిగితే, "ఆ అమ్మాయి బాగానే చెప్పింది" అన్నాడు. ఆ రోజు ఆయన గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు.

ఆ తర్వాత నేను కళ్ళద్దాల దుకాణంలో చేరడం, అమ్మ పోవడం, నాన్న పదవీ విరమణ, అన్నీ వరసగా జరిగిపోయాయి. ఆయనకి ముందు దగ్గు, ఆపైన ఆయాసం. చివరికి ముందుగదిలో మంచం వేసి, పక్కన ఆక్సిజన్ యంత్రం పెట్టాల్సి వచ్చింది. సిగరెట్ మానేశాడు. మానేశాడని అనకూడదు, పీల్చే ఊపిరి లేక అదే వదిలిపోయింది. అత్త వారం వారం వచ్చేది. దిండ్లు సర్దేది. డాక్టర్లతో గంటలకొద్దీ మాట్లాడేది. ఆయన పక్కన కూర్చున్నప్పుడు మాత్రం వాతావరణం గురించి మాట్లాడేది.

ఒక మధ్యాహ్నం హారన్ బాబాయ్ వచ్చాడు. నాన్నతోపాటు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. బస్సు హారన్లు బాగుచేసి చేసి ఆయన గొంతు కూడా అలాగే తయారైంది. అత్తని చూడగానే మురిసిపోయాడు.

"చెల్లెమ్మా, నువ్వింతదానివయ్యావంటే సగం చలవ మీ అన్నయ్యదే, తెలుసా? అబ్బో, మమ్మల్నెంత కట్టడి చేశాడని! ఎవడైనా సిగరెట్ మానేస్తానంటే చాలు, టైర్ల గది వెనక్కి లాక్కెళ్ళేవాడు. 'ఒరే, ఇప్పుడు కాదురా, మా చెల్లెలి పని అయ్యాక మానుకో. ఇప్పుడు మానావంటే దాని లెక్క చెడుతుంది' అనేవాడు. మాలాగే రెండో సగంలో పడ్డ వేరే డిపోలకి బదిలీ అయినవాళ్ళకి కూడా చెప్పి పంపాడు. పెయింటర్ వారం పాటు మానేస్తే, మీ అన్నయ్యే స్వయంగా కొని వాడి నోట్లో పెట్టాడు. ఇప్పటికీ మానలేదు వెధవ!"

హారన్ బాబాయ్ తొడ చరుచుకుని నవ్వుతున్నాడు. నాన్న మంచం మీంచి చెయ్యెత్తి ఊరుకోమని సైగ చేస్తున్నాడు. బాబాయ్ అది చూడలేదు.

"ఎంతమందికి చెప్పాడు?" అని అడిగింది అత్త. గొంతు మామూలుగానే ఉంది.

"అందరికీ! అప్పటికి మీ అన్నయ్య మా ఫోర్‌మన్ కదా, ఫోర్‌మన్ మాట కాదనేదెవరు?"

అత్త కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. పంపు కింద చెయ్యి పెట్టి అలాగే నిలబడి ఉంది.

"అందుకే అంత బిగుసుకుపోయి ఉంది రెండో సగం" అంది. "ఆ తేడా అంతా నా ప్రశ్నలది కాదు. నా ఫలితం తప్పు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అత్తా, అవతల మా నాన్నకి ఊపిరాడట్లేదు. నీకు నీ పేపర్ గుర్తొచ్చిందా?"

ఆమె పంపు కట్టేసింది. చెయ్యి తుడుచుకుంది, సంచీ తీసుకుంది, వెళ్ళిపోయింది. ఆ మాట అన్నందుకు నేను పశ్చాత్తాపపడుతున్నానా అంటే, పడుతున్నాను, కొంచెం. తన మాట వల్ల అన్నయ్యకేమైందన్న రెండో సంగతి కూడా ఆమెకి ఆ క్షణంలోనే తెలిసిందని తర్వాత అర్థమైంది. చేతికందిన కొస పేపర్‌ది. రెండోది ముట్టుకోవడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

కొన్నాళ్ళు ఆమె రాలేదు. హారన్ బాబాయ్‌ని వెంటబెట్టుకుని పాత డిపో మనుషుల ఇళ్ళకి తిరిగిందని తెలిసింది. అందరూ నవ్వుతూనే చెప్పారట. తప్పు చేశామని ఒక్కరికీ లేదు, మేడమ్‌గారికి సాయం చేశామనే సంతోషం. ఆమె పత్రికకి రాసి, ఆ పేపర్‌ని వెనక్కి తీసుకుంది. తోటివాళ్ళు నెత్తీనోరూ మొత్తుకున్నారు, టీ తాగుతూ ఎవరో చెప్పిన కబురు పట్టుకుని పేరు పాడుచేసుకుంటావా అని. ఆ రోజు క్యాంటీనులో ఉపన్యాసం చెప్పిన విద్యార్థిని ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉంది, ఆ పేపర్ మీదే ఎదిగింది. ఆమె అత్తకి ఫోన్ చెయ్యడం మానేసింది. ఎవరూ వేలెత్తి చూపకూడదని అన్నని దూరం పెట్టిన మనిషిని అందరూ వేలెత్తి చూపించారు. నాకు జాలేసింది. కోపమూ పోలేదు. రెండూ ఇప్పటికీ నాలోనే ఉన్నాయి.

ఒక ఆదివారం తలుపు చప్పుడైతే తీశాను. అత్త. సగం చిక్కిపోయింది. లోపలికొచ్చి, నాన్న మంచం పక్కనున్న ఎత్తు కుర్చీని పక్కకి జరిపి, వంటింట్లోంచి పొట్టి స్టూల్ తెచ్చుకుని కూర్చుంది. ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తుకి వచ్చాయి. నాన్న అది చూసి నవ్వాడు.

"ఏమే, మా డిపో వంతు వచ్చిందా?"

"వచ్చిందన్నయ్యా."

"అయితే అడుగు. వాళ్ళని అడిగినట్టే అడగాలి. అన్నయ్యనని వదిలెయ్యకూడదు."

ఊపిరి అందక మధ్యమధ్యలో ఆగుతున్నాడు. నేను గడప దగ్గరే నిలబడిపోయాను. అత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని, తన గదిలో కొత్తగా వచ్చిన మనిషిని అడిగినట్టే అడిగింది.

"సిగరెట్‌లో మీకు నచ్చిందేమిటి?"

"మీకా! బాగుంది." నాన్నకి నవ్వుతో దగ్గొచ్చింది. తగ్గాక చెప్పాడు. "నచ్చింది... బస్సు కిందనుంచి బయటికొచ్చి నిలబడ్డం. కాసేపు ఎవరూ పిలవరు."

"అంటే, అది మీకు దొరికే కాస్త విశ్రాంతి."

"అదీ. కరెక్ట్."

"ఎప్పుడైనా మానేద్దామనిపించిందా?"

నాన్న నా వైపు చూశాడు, ఇది నువ్వు వినాలా అన్నట్టు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"ఒకసారి. గోతిలో దిగి బస్సు కింద నట్టు విప్పుతున్నా. ఊపిరందలేదు. పైకి రావడానికి హారన్ గాడు చెయ్యివ్వాల్సొచ్చింది. భయమేసింది చిట్టీ. ఆ సాయంత్రం పెట్టె తీసి డ్రమ్ములో పారేశా. ఇంటికొచ్చేదాకా ఒక్కటి ముట్టలేదు. ముట్టాలని కూడా అనిపించలేదు, తెలుసా? నాకే ఆశ్చర్యం."

"తర్వాత?"

"పడుకోబోతుంటే నీకిచ్చిన మాట గుర్తొచ్చింది. నీ పని సగంలో ఉంది. పొద్దున్నే మళ్ళీ కొన్నా."

"నా పని అయ్యాక మానచ్చుగా అన్నయ్యా?" ఆమె మాటలో 'మీరు' పోయి 'అన్నయ్య' వచ్చేసింది.

"మానుదామనే చూశా. ఆ మనసు మళ్ళీ రాలేదే."

అత్త తల వంచుకుంది. ఆమె పద్ధతిలో ఇక మిగిలింది ఒక్కటే, విన్నది తిరిగి చెప్పడం. చెప్పడం లేదు. నాన్న ఓపిగ్గా చూశాడు.

"తిరిగి చెప్పు చిట్టీ. వాళ్ళకైతే చెప్తావుగా."

"నువ్వు మానేద్దామనుకున్నావు" అంది అత్త. కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. "పెట్టె పారేశావు. నేను వద్దన్నాను."

సైకిలు కడ్డీ మీద కూర్చున్న పిల్ల ఎక్కం తప్పు చెప్పినప్పటిలాగే నాన్న తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు వద్దనలేదే. ఆగమన్నావు. ఆగాను."

మళ్ళీ చెప్పాలి కనక అత్త మళ్ళీ చెప్పింది. "ఆగమన్నాను" అంది. "ఆగావు."